చేతి తూకం – 11: కాలిన పెట్టె విప్పిన రోజు

పోయిన వారం బహీజా ఆ నల్లబడ్డ పెట్టెను, వీధి అంతా ఉస్తా, అంటే గురువు, అని పిలిచే నూమాన్ బల్ల మీద పెట్టి, "నా ఎదుటే విప్పండి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది కదా. ఆయన విప్పలేదు. టీ తెప్పించాడు. ఎండల గురించి మాట్లాడాడు. ఆమె టీ ముట్టుకోలేదు. ఎండల గురించి ఒక్క మాట అనలేదు.

బాగ్దాద్ సినాఅ వీధిలో, కంప్యూటర్లు అమ్మే ఆ వీధిలో, ఇరవై ఏళ్ళుగా ఒక అలవాటు ఉంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే చవక పవర్ సప్లై పెట్టె కొనేవాడెవడైనా ముందు పెట్టెను నూమాన్ దుకాణానికి తెస్తాడు. ఆయన కళ్ళు మూసుకుని దాన్ని అరచేతిలో పెట్టుకుంటాడు. పుచ్చకాయను చూసినట్టు ఒకసారి పైకీ కిందికీ ఆడిస్తాడు. "పట్టుకెళ్ళు" అంటాడు, లేదా "వద్దు" అంటాడు. అంతే. పెట్టె మీద ఐదువందల వాట్లని రాసినా వెయ్యని రాసినా ఆ వీధిలో ఎవరూ రాతను నమ్మరు. ఆ చేతిని నమ్ముతారు.

ఫనార్ అనే పేరుతో వచ్చిన పెట్టెల్ని ఆ చెయ్యి పట్టుకెళ్ళమంది. వాటిలో ఒకటి బహీజా ఇంట్లో, సర్కారు కరెంటు పోయి జనరేటర్ కరెంటు వచ్చిన క్షణంలో పేలింది. పేలి, తనతోపాటు కంప్యూటర్‌లో ఉన్నదంతా పట్టుకుపోయింది. అదే సరుకులోంచి ఇంకో నలభై పెట్టెలు గురువారం ఆస్పత్రిలోని రక్తనిధికి వెళ్ళాలి. ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో రాసిపెట్టుకునే కంప్యూటర్లలో బిగించడానికి. ఆ గది చూసుకునేది నూమాన్ ఒక్కగానొక్క కూతురు రఫల్. నాన్న చెయ్యి సరేనంది కాబట్టే ఆమె సంతకం పెట్టింది.

ఈ రోజు మంగళవారం.

"అబూ రఫల్, టీ చల్లారిపోయింది" అంది బహీజా, 'రఫల్ తండ్రీ' అన్న ఆ మర్యాద పిలుపుతో. "ఇంకొకటి తెప్పిస్తే అదీ చల్లారుతుంది. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో చెప్పండి. నేనే విప్పుకుంటాను."

"సిత్ బహీజా, మీరు రేడియోలో పాటలు దాచిన మనిషి. మీకెందుకండీ ఈ మసి?"

"మసి నాకు ఎప్పుడో అంటింది."

నూమాన్ సొరుగు లాగాడు. చూడకుండానే ఆయన వేళ్ళు స్క్రూడ్రైవర్‌ను పట్టుకున్నాయి. ఆ పనిముట్టు పట్టి ఆరేళ్ళయింది. మూడు మరలు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది దొరకలేదు. ఆయన వేలు రేకు మీద తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చింది.

"ఇక్కడుంది" అని ఆమె ఆ మూలను తట్టింది.

"తెలుసు."

మూత లేచింది. కాలిన వాసన గుప్పుమని దుకాణమంతా నిండింది. ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న హన్నూన్ ఖాళీ గ్లాసుల కోసం వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

"ఉస్తా, చేప కాల్చుకుంటూ నన్ను పిలవలేదే!"

"నీ టీ వాసన కంటే ఇదే నయంలే."

"అట్లా అనకండి, నా కళ్ళు మీవి. ఇరవై ఏళ్ళుగా నా టీ తాగుతున్నారు. ఇంతవరకూ ఎవరూ పేలిపోలేదు."

అతను వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ మాట పడిన చోటు మంచిది కాదు. హన్నూన్‌కు అది వెంటనే తెలిసింది. గ్లాసులు తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

బహీజా పెట్టె లోపలికి చెయ్యి పెట్టబోయింది.

"ఆగండి!" నూమాన్ గొంతు అంత గట్టిగా ఆమె ఎన్నడూ వినలేదు. "వేలు పెట్టకండి. తీగ పీకేసినంత మాత్రాన ఇది చచ్చినట్టు కాదు. లోపల పెద్ద కండెన్సర్లు ఉంటాయి. అవి కరెంటును మింగి కూర్చుంటాయి."

ఆయన చిన్న బల్బు ఒకటి తీశాడు. దానికి రెండు తీగలు కట్టి ఉన్నాయి. కోడి గింజను చూసినట్టు తల బాగా పక్కకు వంచి, కంటి కొనలోంచి చూస్తూ, ఆ తీగల మొనల్ని పలక కింద రెండు చోట్ల తాకించాడు. ఒక్క క్షణం ఆగాడు.

"వెలిగిందా?" అన్నాడు.

"వెలగలేదు" అంది బహీజా.

అని, ఆయన ముఖంకేసి చూసింది. బల్బు ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. ఆయన ఆమెను అడిగాడు.

ఇరవై ఏళ్ళు రేడియోలో కూర్చుని గొంతుల్ని విన్న మనిషి ఆమె. ఒక గొంతు దేన్ని దాస్తోందో ఆమెకు తెలుస్తుంది.

"ఎన్నాళ్ళయింది, అబూ రఫల్?"

"ఏది?"

"కళ్ళు."

బయట ఎవరో తోపుడుబండి మీద మంచుగడ్డలు నెట్టుకుపోతున్నారు. నూమాన్ బల్బు తీగల్ని వేలికి చుట్టి పక్కన పెట్టాడు.

"ఆరేళ్ళు. షుగరు తినేసింది. మధ్యలో అంతా పొగ. అంచుల్లో మాత్రం మనుషులు, గోడలు కనిపిస్తాయి. మిమ్మల్ని చూడాలంటే మీ పక్కనున్న అరను చూడాలి."

"రఫల్‌కు తెలుసా?"

"ఏదైనా చదవమంటే కళ్ళజోడు మర్చిపోయానంటాను. ఆరేళ్ళుగా మర్చిపోతూనే ఉన్నాను."

బహీజా కోపంతో వచ్చిన మనిషి. వారం రోజులు ఇంట్లో ఆ కోపాన్ని మాటలుగా పేర్చుకుని మరీ వచ్చింది. ఇప్పుడు ఆ మాటలు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

"సరే" అని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చూడటం నా పని. దేన్ని చూడాలో చెప్పడం మీ పని. కానివ్వండి."

నూమాన్ గొంతు సవరించుకున్నాడు.

"కరెంటు లోపలికొచ్చే చోట మొదలెట్టండి. అక్కడ రాగితీగ చుట్టిన, చేతిగాజులాంటి చిన్న రింగు ఒకటి, దాని పక్కన పసుపుపచ్చని డబ్బీ ఒకటి ఉండాలి. వచ్చే కరెంటులో మురికిని పట్టేవి అవి."

"లేవు. పలక మీద వాటి బొమ్మలు గీసి ఉన్నాయంతే. వాటి చోట ఒట్టి తీగముక్కలు అతికించారు."

"గుమ్మం కట్టి తలుపు పెట్టలేదన్నమాట. తర్వాత, పెద్ద కండెన్సర్లు రెండు నిలబడి ఉంటాయి. ఎంత లావున్నాయి?"

"నా బొటనవేలంత కూడా లేవు."

"కరెంటు ఎంత పడుతుందని రాసుంది మీద?"

"నాలుగువందల డెబ్బై."

"అంత సన్నటి దాంట్లో నాలుగువందల డెబ్బై ఎట్లా పడుతుంది? గోటితో ఆ పైతోలును గీకండి."

ఆమె గీకింది. నీలం తోలు చిరిగి ఊడొచ్చింది. కింద ఇంకో తోలు ఉంది. దాని రంగు వేరు, దాని మీది అంకె వేరు.

"రెండువందల ఇరవై" అంది ఆమె నెమ్మదిగా. "దీనికి పైన ఇంకోదాని చొక్కా తొడిగారు."

నూమాన్ తల ఊపాడు. ఆశ్చర్యపడలేదు. ఎప్పుడో తెలిసిన చావు కబురును మళ్ళీ వింటున్నట్టు ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంతుందని అడిగాడు. ఖర్జూరం గింజకు కాస్త పెద్దదంది ఆమె. గుడ్డంత ఉండాలన్నాడు ఆయన. వేడిని లాగే అల్యూమినియం రెక్కలు డబ్బా రేకంత పల్చగా ఉన్నాయంది. బయటికొచ్చే తీగల్ని వేళ్ళ మధ్య తనే నలిపి చూశాడు. పైన రబ్బరే లావు, లోపల రాగి వెంట్రుకంత.

"ఐదువందల వాట్లని రాసిన పెట్టె ఇది. నిజానికి నూటయాభై దాటితే ఊపిరాడదు దీనికి" అన్నాడు.

ఆ మాట అంటూనే ఆగిపోయాడు. ఆయన అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది.

"సిత్ బహీజా, అన్నీ ఇంత చిన్నవే అయితే మరి ఆ బరువెక్కడిది?"

ఆమె పెట్టెను తిప్పి చూసింది. ఫ్యాను బిగించిన రేకుకు లోపలివైపు, నల్లకాగితం చుట్టిన దిమ్మ ఒకటి అంటించి ఉంది. దానికి ఒక్క తీగ కూడా లేదు. స్క్రూడ్రైవర్ మొనతో పెకలించింది. కాగితం చిరిగి బూడిదరంగు పొడి బల్ల మీద రాలింది.

"సిమెంటు" అంది.

ఆయన చెయ్యి చాపాడు. ఆమె ఆ దిమ్మను అందులో పెట్టింది. ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చెయ్యి మాత్రం పాత అలవాటు మీద ఒకసారి పైకీ కిందికీ ఆడింది. ఆ బరువు ఆయనకు తెలుసు. ఈ నెలలో ఎన్ని పెట్టెల్లో దాన్ని మోసి, ఎంతమందితో పట్టుకెళ్ళమన్నాడో.

ఆ చేతి తూకం మొదట్లో అబద్ధం కాదు. దేశం మీద ఆంక్షలున్న రోజుల్లో సరిహద్దు దాటి వచ్చేదంతా తేలిక సరుకే. రాగి పొదుపు, ఇనుము పొదుపు. బరువున్న పెట్టెలో నిజంగానే రాగి ఉండేది. అయినా అప్పట్లో నూమాన్ బరువు చూసి ఊరుకునేవాడు కాదు. ప్రతి పెట్టెనూ విప్పేవాడు. విప్పాక పాత కార్ల హెడ్‌లైటు బల్బులు దానికి ఒక్కొక్కటే తగిలించేవాడు. ఒకటి, రెండు, నాలుగు, ఆరు. ఎన్ని బల్బుల దగ్గర పెట్టె మూలుగుతుందో, ఎన్నింటి దగ్గర చస్తుందో చూసి మరీ చెప్పేవాడు. దానికి గంట పట్టేది. చేతి తూకం ఆ గంటకు ముందు చేసే పని. రాళ్ళేరి పక్కన పెట్టడం లాంటిది, అంతే.

తర్వాత జనం పెరిగారు. చెయ్యి చెప్పిందీ బల్బులు చెప్పిందీ ఒకటే అవుతుంటే బల్బులెందుకన్నారు. ఆయనకూ బాగానే అనిపించింది. కళ్ళు మసకబారినప్పుడు ఇంకా బాగా అనిపించింది. కళ్ళు మూసుకుని తూచడం మొదలుపెట్టాడు. వీధి అంతా దాన్ని విద్య అనుకుంది. ఆ బల్బులు ఇప్పుడు ఆయన కాళ్ళ దగ్గరే, బల్ల కింద అట్టపెట్టెలో, దుమ్ములో ఉన్నాయి.

"మీ కంప్యూటర్‌లో ఏముంది?" అని అడిగాడు. వారం నుంచి అడగని మాట అది.

"జోలపాటలు. దక్షిణాన చిత్తడినేలల్లో, రెల్లు ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళవి. పదకొండేళ్ళు పడవల్లో తిరిగి పాడించుకున్నాను. టేపుల్లోంచి అందులోకి ఎక్కించి, టేపులకు బూజు పడితే పారేశాను. పాడినవాళ్ళలో ఇప్పుడు ముగ్గురున్నారు. ఒకావిడకు గొంతు పోయింది."

"రెండో నకలు?"

"తీసుకోమని నా చెల్లెలు నెత్తీనోరూ కొట్టుకుంది. ఎందుకే, పెట్టె అబూ రఫల్ చూసిందే కదా అన్నాను." ఆమె చిరిగిన నల్లకాగితాన్ని మడతపెట్టసాగింది. "మిమ్మల్ని తిట్టాలని వచ్చాను. దారి పొడుగునా ఆ మాటే అడ్డమొచ్చింది. ఆ నకలు తీసుకోకపోయింది నేనే కదా."

ఘాటైన అత్తరు వాసన ముందొచ్చింది. దాని వెనక సర్మద్ వచ్చాడు. ఒకప్పుడు ఈ బల్ల దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఫనార్ సరుకును ఓడల్లో తెప్పించేవాడు. బల్ల మీద విప్పిన పెట్టెను చూశాడు. నూమాన్ చేతిలో దిమ్మను చూశాడు. అతని నవ్వు పోలేదు గానీ కదలకుండా నిలిచిపోయింది.

"ఉస్తా, నా కళ్ళు మీవి. ఈ వయసులో మీకీ శ్రమ ఎందుకు? నన్ను పిలిస్తే విప్పేవాణ్ణి కదా."

"నువ్వు విప్పితే ఇది కనిపించేదా?"

"చైనాలో ఫ్యాక్టరీవాడు అడిగాడు ఉస్తా. మీ దగ్గర జనం ఏం చూసి కొంటారని. ఉన్నమాట చెప్పాను. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, చేత్తో తూచి చెప్తాడు, పెట్టె ఇంత బరువుండాలి అన్నాను. సిమెంటు పెట్టమని నేను చెప్పలేదు. వల్లా, దేవుడి మీద ఒట్టు, చెప్పలేదు."

"పెట్టారని తెలిశాక?"

సర్మద్ చెయ్యి చాపి పెట్టె మూతను మళ్ళీ దాని మీద పెట్టాడు.

"నువ్వు నా బల్ల దగ్గర ఆరేళ్ళున్నావు. హెడ్‌లైటు బల్బులు నువ్వే కదా తగిలించేవాడివి? ఒక్కటి తగిలించి చూసుకోలేకపోయావా, నాయనా?"

"మీరెందుకు చూడలేదు?" సర్మద్ గొంతు తగ్గించాడు. "చెప్పమంటారా ఆవిడ ముందు?"

"ఆవిడకు తెలుసు."

"అయితే మంచిదే, నేరుగా మాట్లాడుకుందాం. ఈ సరుకు మీద మాట వెనక్కి తీసుకోవాలంటే ఎందుకో చెప్పాలి మీరు. కళ్ళు లేవని చెప్పాలి. రేపట్నుంచి మీ గుమ్మం తొక్కేవాడు ఉండడు. ఆరేళ్ళుగా మీరు పట్టుకెళ్ళమన్న ప్రతి పెట్టెనూ జనం విప్పి చూసుకుంటారు. ఎన్నింట్లో ఏం దొరుకుతుందో మీకే తెలీదు. మీ పేరు పోతుంది ఉస్తా. నేను మీ మంచికే చెప్తున్నాను."

"ఆయన పేరు పోతుందని నీకు అంత దిగులుంటే, ఆయన చెయ్యి ఎంత బరువు కోరుతుందో వాళ్ళకు చెప్పినప్పుడు ఆ దిగులు ఏమైంది?" అంది బహీజా. ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. "ఆయన అడగాల్సిన మాట. ఆయన అడగరని నేను అడిగాను."

నూమాన్ లేచాడు. దిమ్మ చేతిలోనే ఉంది. బల్ల అంచు, అర అంచు, గుమ్మం. ఇరవై ఏళ్ళ అలవాటు మీద నడిచి వీధిలోకి వచ్చాడు. ఒంటిగంట కావొస్తోంది. రెండు వైపులా దుకాణాల్లో కూలర్లు రొద పెడుతున్నాయి, పాటలు మోగుతున్నాయి, బేరాలు అరుపుల్లో సాగుతున్నాయి. తను ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. ఆయన ఎదురుచూశాడు.

సరిగ్గా ఒంటిగంటకు, రోజూలాగే, సర్కారు కరెంటు పోయింది. కూలర్లు ఆగాయి. పాటలు ఆగాయి. జనరేటర్ అందుకునేలోగా వీధిలో రెండు మూడు నిమిషాల నిశ్శబ్దం ఉంటుంది. చవక పెట్టెలు చచ్చేది ఆ నిశ్శబ్దం తెగే చోటే.

"వినండయ్యా!" అన్నాడు నూమాన్. "నాకు కళ్ళు కనపడవు. ఆరేళ్ళయింది. ఫనార్ పెట్టెల్ని నేను విప్పి చూడలేదు. వాటి బరువు సిమెంటు బరువు. ఎవరూ వాడొద్దు. తప్పు నాది."

దిమ్మను పైకెత్తి చూపించాడు. ఎవరూ కదల్లేదు. తిట్టు వస్తుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాడు. నవ్వు వచ్చినా భరించేవాడే.

"మాకు తెలుసు, ఉస్తా" అన్నాడు హన్నూన్.

"ఏం తెలుసు?"

"కళ్ళ సంగతి. మీ టీ గ్లాసు ఎదురుగా పెట్టడం మానేసి ఎడమపక్కన పెట్టడం ఎప్పట్నుంచి మొదలెట్టాననుకున్నారు? అందరికీ తెలుసు. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఎవరూ అడగలేదు." హన్నూన్ తలకు చుట్టిన గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "చెయ్యి సరిపోతుంది కదా అనుకున్నాం. మా తప్పు కూడా ఉంది."

తనను కాపాడటానికి వీధి వీధంతా ఆరేళ్ళు నోరు మూసుకుందన్నమాట. ఒక్కడు, ఒక్కడైనా మొహం మీద అడిగి ఉంటే ఆ అట్టపెట్టెలోంచి బల్బులు బయటికొచ్చేవి. నూమాన్‌కు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు.

"పోనీలే హన్నూన్. రక్తనిధి సరుకు గురువారం కదా. అదైనా ఆగుతుంది."

హన్నూన్ చూపు దుకాణం గుమ్మంలో నిలబడ్డ సర్మద్ మీదికి పోయింది.

"ఉస్తా, ఆ నలభై పెట్టెలు పొద్దున్నే బండెక్కాయి. ఎక్కించినవాళ్ళకు టీ నేనే పోశాను."

సర్మద్ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

బహీజా అప్పటికే ఫోను తీసి నంబరు అడుగుతోంది. నూమాన్ చెప్పాడు. ఆయన నోట్లో ఆ అంకెలు తడబడ్డాయి. ఆమె నొక్కి, ఫోను ఆయన చెవికి ఆనించింది.

"నాన్నా!" రఫల్ గొంతు హుషారుగా ఉంది. "ఇప్పుడే మీ గురించి చెప్తున్నా ఇక్కడ. గురువారం దాకా ఎందుకని సర్మద్ ఇవాళే పంపించేశాడు. ఇరవై రెండు బిగించేశాం, అన్నీ నడుస్తున్నాయి. ఎంత బరువున్నాయో, మోయలేక చచ్చారు మావాళ్ళు!"

"రఫల్, వాటిని ఆపెయ్యమ్మా. అన్నీ ఆపెయ్. తీగలు పీకెయ్."

వీధి చివర జనరేటర్ దగ్గి, పెద్దగా గర్జించింది. కూలర్లన్నీ ఒక్కసారి లేచాయి. ఆగిపోయిన పాటలు ఆగిన చోటినుంచే అందుకున్నాయి.

"ఏంటి నాన్నా? ఏం వినపడట్లేదు. ఉండు, ఇక్కడ కూడా కరెంటు మారుస్తున్నారట, ఒక్క నిమిషం..."

"పీకెయ్ రఫల్! గోడలోంచి పీకెయ్!"

అవతల టక్కుమని చిన్న చప్పుడు. ఆ గదిలో తిరుగుతున్న ఫ్యాన్లన్నీ మెల్లగా ఆగిపోవడం ఆయన చెవికి తెలిసింది. ఒక కరెంటు పోయి రెండోది ఇంకా రాని నిశ్శబ్దం అది. దాని పొడవు ఆయనకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

అరచేతిలో సిమెంటు దిమ్మ చెమటకు తడిసింది. నూమాన్ కళ్ళు మూసుకోలేదు. కూతురి పేరు మళ్ళీ పిలిచి, ఆ రెండో కరెంటు వచ్చేలోగా మిగిలిన క్షణాల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. మూడు.